అమ్మ విన్న ఈల

"కారు ఈల వేస్తోందేంట్రా?" అంది అమ్మ వెనకసీట్లోంచి.

2022 నవంబరు మొదటివారం. కంకిపాడు దాటి విజయవాడ వైపు వెళ్తున్నాం. అద్దం దించి చెవి పెట్టాను. గాలి హోరు తప్ప నాకేమీ వినిపించలేదు. "గాలమ్మా" అని అద్దం ఎత్తేశాను. ఆమె మళ్ళీ ఏమీ అనలేదు. డయాలిసిస్‌కి వెళ్ళే పొద్దుటిపూట ఆమెకు మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

సోమ, బుధ, శుక్రవారాలు మాకు విజయవాడ రోజులు. ఉయ్యూరు నుంచి ముప్ఫై కిలోమీటర్లు. చీకటితో బయల్దేరితే మొదటి షిఫ్టులో మంచం దొరుకుతుంది. నాలుగు గంటలు మిషను మీద ఉండి దిగాక ఆమెకు కాళ్ళు లాగేసేవి, కళ్ళు తిరిగేవి, ఒక్కోరోజు బీపీ పడిపోయి మాట పెగిలేది కాదు. మొదట్లో బస్సులోనే తీసుకొచ్చేవాణ్ణి. ఒకరోజు పెనమలూరు దగ్గర నిలబడ్డ జనం మధ్య ఆమె నా భుజం మీద సోలిపోయింది. ఆ నెలలోనే కారు కొన్నాను. 2013 మోడల్, డీజిల్, సెకండ్ హ్యాండ్. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో అమ్మాయి పెళ్ళికి పోగా మిగిలింది దానికే సరిపోయింది.

నవంబరు 25, శుక్రవారం. డయాలిసిస్ ముగించుకుని తిరిగివస్తున్నాం. చెరకు సీజను. ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లు రెండేసి ట్రక్కులు తగిలించుకుని రోడ్డంతా వాటివే అన్నట్టు పోతున్నాయి. ఒకదాన్ని దాటదామని థర్డ్ గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కాను. ఇంజన్ మోత పెరిగిందే గానీ బండి ముందుకు దూకలేదు. ట్రాక్టరు పక్కకి సగం దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయాను. ఎదురుగా బందరు నుంచి వచ్చే బస్సు. బ్రేకు తొక్కి మళ్ళీ ట్రాక్టరు వెనక్కి దూరిపోయాను. అద్దంలో చూస్తే వెనక రోడ్డు కనిపించలేదు. నల్లటి పొగ. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజన్ లైటు వెలిగింది. అక్కణ్ణుంచి ఇంటిదాకా నలభై దాటకుండా వచ్చాం. అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. ఆమెకేమీ తెలియలేదనుకున్నాను.

మర్నాడు కారుని విజయవాడలో కంపెనీ సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళి అప్పగించాను. సోమవారం అద్దె కారులో డయాలిసిస్‌కి వెళ్ళాం. పద్దెనిమిది వందలు. అమ్మని మంచం మీదికి చేర్చి, మా ఆవిడని దగ్గర ఉంచి, నేను సర్వీసు సెంటరుకి వెళ్ళాను.

అడ్వైజరు పాతికేళ్ళ కుర్రాడు. మర్యాదగా మాట్లాడాడు. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. కంప్యూటరులోంచి కాగితం తీసి ముందు పెట్టాడు. టర్బో అసెంబ్లీ 36,500. ఇంజెక్టర్లు నాలుగు, ఒక్కోటి 13,500 చొప్పున 54,000. గ్యాస్కెట్లు, ఆయిలు, ఫిల్టర్లు 5,200. వీటిమీద జీఎస్టీ 28 శాతం. లేబరు 9,500, దానిమీద 18 శాతం. మొత్తం 1,33,706 రూపాయలు.

నా పింఛను మూడు నెలలది కలిపినా అంత రాదు.

"స్కానరు పెట్టాం సార్. పీ0299 అని కోడ్ వచ్చింది. టర్బో ప్రెషర్ తక్కువ ఉందని అర్థం. టర్బో పోయింది. పొగ అంత కొడుతోందంటే ఇంజెక్టర్లు కూడా పోయినట్టే" అన్నాడు. నేను నమ్మనట్టు కనిపించానేమో, లోపలికి తీసుకెళ్ళాడు. బానెట్ ఎత్తి ఉంది. టర్బోకి వెళ్ళే పైపు విప్పి, లోపల వేలు తిప్పి బయటికి తీసి చూపించాడు. వేలికి నల్లగా ఆయిలు అంటుకుంది. "చూశారా సార్, టర్బో ఆయిల్ లీకవుతోంది. ఇలాగే నడిపితే రెక్కలు విరిగి ముక్కలు ఇంజన్‌లోకి వెళ్తాయి. అప్పుడు ఇంజనే మార్చాలి. మూడు లక్షలు కూడా చాలదు."

ఈ ఘట్టాన్ని తర్వాత చాలాసార్లు నెమరేసుకున్నాను. అతను అబద్ధం చూపించలేదు. ఆయిలు నిజంగానే ఉంది. నేను కళ్ళారా చూశాను. టర్బో పగిలితే ముక్కలు ఇంజన్‌లోకి పోవచ్చన్నదీ నిజమే. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి నేను, చూపించిన దాన్ని రుజువుగా తీసుకోవడం నాకు అలవాటు. ఆ ఆయిలు అక్కడ ఎందుకుందో అడగాలని మాత్రం నాకు తట్టలేదు.

"ఇవాళ ఓకే అంటే పార్టులకి ఆర్డర్ పెట్టేస్తాను సార్. శనివారానికి బండి ఇచ్చేస్తాం. సగం అడ్వాన్సు కట్టాలి." సాయంత్రం చెప్తానని వచ్చేశాను.

ఆ రాత్రి మా ఆవిడ బీరువాలోంచి గొలుసు తీసి మంచం మీద పెట్టింది. ఐదు కాసులు. వాళ్ళమ్మ ఇచ్చినది. "పొద్దున్నే బ్యాంకుకి వెళ్ళి పెట్టేసిరండి. మళ్ళీ బుధవారం అద్దె కారంటే ఎన్నాళ్ళని?" అంది. నేనేమీ అనలేకపోయాను. అద్దె కారుకి వారానికి 5,400. నెల తిరిగేసరికి ఇరవై మూడు వేలు. లెక్క చూస్తే ఆమె చెప్పిందే సబబుగా కనిపించింది.

సరిగ్గా అప్పుడు బాబాయి వచ్చాడు. అమ్మని చూడ్డానికి రెండ్రోజులకోసారి వస్తాడు. ఒకప్పుడు రెండు లారీలుండేవి ఆయనకి. కలకత్తా దాకా తిప్పాడు. మంచం మీద గొలుసు చూశాడు, నా మొహం చూశాడు, ఎస్టిమేటు కాగితం చేతికి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"ఎవరికి చూపించావురా ఇంకా?"

"కంపెనీవాళ్ళే చెప్పారు బాబాయ్, ఇంకెవరికి చూపిస్తాం?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా తాతయ్య సంగతి ఎత్తాడు. తాతయ్య ఎద్దుల్ని కొనడానికి సంతకి వెళ్తే, వెంట ఇంకొకాయన్ని తీసుకెళ్ళేవాడట. ఇద్దరూ కలిసి వెళ్ళేవాళ్ళు కాదు. తాతయ్య ముందు వెళ్ళి ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసుకుని, అమ్మేవాడు చెప్పిన వయసు విని, ఏమీ తేల్చకుండా పక్కకి వచ్చేసేవాడు. కాసేపయ్యాక రెండో ఆయన, తాతయ్య ఎవరో తెలియనట్టు వెళ్ళి, పళ్ళు చూసి, నడిపించి, తన లెక్క తను వేసుకుని వచ్చేవాడు. ఇద్దరి లెక్కా కలిస్తేనే బేరం. "ముందే ‘వాడు నాలుగు పళ్ళంటున్నాడు, చూడు' అని చెప్పి పంపిస్తే, వీడికీ నాలుగే కనిపిస్తాయిరా. అందుకని చెప్పేవాడు కాదు" అన్నాడు బాబాయి.

తర్వాత నా చేతిలో కాగితం మడిచి పెట్టేశాడు. "రేపు ఆటోనగర్ వెళ్దాం. అక్కడ నోరెత్తకు. టర్బో అనకు, ఇంజెక్టర్లనకు, లక్షా ముప్ఫై అనకు. పికప్ లేదు, పొగ కొడుతోంది. అంతే."

గొలుసు మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది. మా ఆవిడకి అది నచ్చలేదు. "మీరిద్దరూ ఇంకో రెండు రోజులు తిరుగుతారు, ఇక్కడ అత్తయ్యగారు బుధవారం ఎలా వెళ్తారు?" అని బాబాయి వెళ్ళాక నాతో గట్టిగానే అంది. ఆమె భయంలో న్యాయముంది. డయాలిసిస్ ఒక్క విడత తప్పితే ఏమవుతుందో ఆమె చూసింది. రాత్రంతా ఊపిరాడక అమ్మ మంచం మీద కూర్చునే ఉన్న రోజున పక్కన ఉన్నది ఆమే.

మంగళవారం పొద్దున సర్వీసు సెంటరుకి వెళ్ళి బండి తీసుకెళ్తానన్నాను. అడ్వైజరు మొహం మారింది గానీ అడ్డు చెప్పలేదు. చెక్ చేసినందుకు వెయ్యి, దానిమీద జీఎస్టీ 180 కట్టించుకుని గేట్‌పాస్ ఇచ్చాడు. బాబాయి అక్కడ ఒక పని చేశాడు. విప్పిన పైపులన్నీ మళ్ళీ బిగించారా లేదా అని దగ్గరుండి చూశాడు. స్కానరులో వచ్చిన కోడ్ కాగితం, ఎస్టిమేటు కాగితం, జాబ్ కార్డు నకలు మూడూ అడిగి తీసుకున్నాడు. "నోటిమాటగా ఏదీ వద్దు బాబూ, కాగితం ఇవ్వు" అన్నాడు. ఆ కుర్రాడు ఇచ్చాడు. స్టీరింగ్ బాబాయే పట్టుకున్నాడు. "టర్బో నిజంగా పోయే స్థితిలో ఉంటే ఇంజన్‌ని గట్టిగా తిప్పకూడదు" అని రెండు వేల ఆర్‌పీఎం దాటనివ్వకుండా, పక్కన ఆటోలు దాటిపోతున్నా పట్టించుకోకుండా నడిపాడు.

బెజవాడ ఆటోనగర్‌ని చూడనివాళ్ళకి దాని గురించి చెప్పడం కష్టం. 1960ల్లో ఊళ్ళో రోడ్ల పక్కన చెదిరి ఉన్న లారీ షెడ్లన్నిటినీ ఒకచోటికి చేర్చి కట్టిన పేట అది. ఒక వీధంతా బాడీ బిల్డింగు, చెక్కపొట్టు, వెల్డింగ్ మెరుపులు. ఇంకో వీధంతా లేత్‌లు. ఇంకో వీధిలో కట్టలు కట్టలుగా కమాన్లు. ఎక్కడ నిలబడినా చెవిలో సుత్తి దెబ్బ. లారీలకని పుట్టిన ఊరు కాబట్టి అక్కడి పెద్ద మేస్త్రీలకి డీజిల్ ఇంజన్ అంటే చిన్నప్పటినుంచీ చేతిలో ఆడినది. టర్బోలు మనకి కార్లలో రాకముందునుంచే లారీల్లో ఉన్నాయి.

బాబాయి తీసుకెళ్ళిన షెడ్డు పెద్దది కాదు. రేకుల కింద రెండు కార్లు పడతాయి. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. తెల్లటి గడ్డం, మోచేతుల దాకా నలుపు. బాబాయిని చూసి చెయ్యి తుడుచుకుని లేచాడు. నేను నేర్చుకున్న రెండు మాటలూ అప్పజెప్పాను. పికప్ లేదు, పొగ కొడుతోంది.

ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు నన్ను అడగడం మొదలుపెట్టాడు.

"పొగ ఏ రంగు మాస్టారూ?"

"నలుపు."

"స్టార్ట్ చేయంగానే వస్తుందా, లాగేటప్పుడు వస్తుందా?"

"లాగేటప్పుడు."

"ఆయిలు తగ్గుతోందా? కిందటిసారి మార్చాక ఎప్పుడైనా పోశారా?"

"లేదు."

"మెల్లిగా పోతే?"

"బాగానే ఉంటుంది."

"శబ్దం ఏమన్నా తేడాగా వస్తోందా?"

లేదనబోయాను. అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. మూడు వారాల కిందట అద్దం ఎత్తేసి నోరు మూయించిన మాట. "మా అమ్మ... ఈల వేస్తోందంది" అన్నాను.

ఆయన తల ఎత్తాడు. "ఎక్కడ? వంతెన ఎక్కేటప్పుడా?"

"ఎక్కడో తెలీదు. ఆవిడ వెనక కూర్చుంటుంది. ఒక్కసారే అంది."

"పెద్దావిడ చెవి మంచిది" అన్నాడాయన. కుర్రాణ్ణి పిలిచాడు.

ఇంకో గంటన్నర నేను స్టూలు మీద కూర్చుని చూసినదంతా ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంది.

మొదట సీసాలు. దగ్గుమందు సీసాలు నాలుగు, కడిగి ఆరబెట్టినవి, ఒక చెక్కకి వరసగా తీగతో కట్టి ఉన్నాయి. ఇంజెక్టర్ల తలల మీదినుంచి వెనక్కి వెళ్ళే సన్నటి రిటర్న్ పైపులు పీకి, ప్రతి ఇంజెక్టరు నుంచి ఒక ప్లాస్టిక్ గొట్టం ఒక్కో సీసాలోకి వదిలాడు. ఇంజన్ స్టార్ట్ చేయించాడు. సీసాల్లోకి డీజిల్ బొట్టు బొట్టుగా దిగడం మొదలైంది. అరిగిపోయిన ఇంజెక్టరైతే లోపల ప్రెషరు ఆపలేక ఎక్కువ డీజిల్‌ని వెనక్కి వదిలేస్తుందట. అంటే ఏ సీసా తొందరగా నిండితే ఆ ఇంజెక్టరు మీద అనుమానం. ఐదు నిమిషాలు. మధ్యలో ఒకసారి కుర్రాడు రేస్ ఇచ్చాడు. ఆపాక మేస్త్రీ చెక్కని నా కళ్ళ ఎదుట నిలబెట్టాడు. నాలుగు సీసాల్లోనూ డీజిల్ ఒకే ఎత్తున ఉంది. మూడోదాంట్లో ఒక గీత ఎక్కువేమో. "ఇది లెక్కలోది కాదు" అన్నాడు.

54,000 రూపాయలు ఆ నాలుగు సీసాల్లో ఒకే మట్టాన నిలబడి ఉన్నాయి. నేను బాబాయి వైపు చూశాను. నోరెత్తొద్దన్నట్టు ఆయన కళ్ళతోనే సైగ చేశాడు.

తర్వాత టర్బో. గాలి లోపలికి వెళ్ళే పైపు విప్పి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు. టార్చి వేస్తే లోపల చిన్న అల్యూమినియం చక్రం, రెక్కలు పువ్వులా మెలి తిరిగి ఉన్నాయి. అది నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుందంటే ఆ క్షణంలో నమ్మబుద్ధి కాలేదు. మేస్త్రీ మధ్యనున్న నట్టుని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకి కదిపాడు. వెంట్రుకవాసి ఆడింది. ముందుకీ వెనక్కీ లాగి చూశాడు. ఆడలేదు. "పక్కలకి ఈమాత్రం ఆడాలి మాస్టారూ. ఇరుసు చుట్టూ ఆయిల్ పొర ఉంటుంది, నడిచేటప్పుడు ఆ పొర మీదే తేలుతుంది. ముందుకి లాగితే కదిలినా, రెక్క అంచు గోడకి రాసుకున్నా పోయినట్టు. అంచులు చూడండి, గీత లేదు."

అప్పుడు పైపులో ఆయిలు కనిపించింది. అదే నల్లటి ఆయిలు. నేనిక ఆగలేకపోయాను. "మరి ఆయిలు లీకవుతోంది కదా?" అన్నాను.

ఆయన వేలితో తీసి బొటనవేలి మీద రుద్దాడు. "ఇది టర్బోది కాదు. ఇంజన్ లోపలి ఆవిరి ఈ పైపులోకే వస్తుంది. దాంతోపాటు ఆయిల్ చెమ్మ వస్తుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన ఏ డీజిల్ బండి పైపులో వేలు పెట్టినా ఇంత ఉంటుంది. కారేంత ఉంటే భయపడాలి. మీరు ఆయిలే పొయ్యలేదంటున్నారు. మరి లీకైతే డిప్‌స్టిక్ తగ్గాలిగా?"

అదే బొట్టు. అక్కడ టర్బో పోయిందనడానికి సాక్ష్యం, ఇక్కడ బండి వయసుకి గుర్తు. రెండుచోట్లా నేను చూసింది ఒక్కటే. ఈయన ఆ బొట్టుని డిప్‌స్టిక్‌తో కలిపి చూశాడు, పొగ రంగుతో కలిపి చూశాడు, రెక్క అంచుతో కలిపి చూశాడు. కారే ఆయిలు ఇంజన్‌లో కాలితే పొగ నీలంగా రావాలి. మాది నలుపు. అక్కడ ఆ కుర్రాడు వేలిని మాత్రమే చూపించాడు.

మూడోది సబ్బునీళ్ళు. టర్బో మూతికి బిగించడానికి ఆయన దగ్గర లేత్‌లో తిప్పించిన అల్యూమినియం బిరడా ఉంది. మధ్యలో ట్యూబ్‌లెస్ టైరు నాజిల్ అమర్చి ఉంది. దాన్ని పైపులో బిగించి, పక్క పంక్చరు షాపు నుంచి గాలి గొట్టం లాగించి, పదిహేను పౌండ్ల గాలి పట్టించాడు. కుర్రాడు స్ప్రే సీసాతో సబ్బునీళ్ళు కొడుతూ వచ్చాడు. టర్బో దగ్గర ఏమీ లేదు. ఇంటర్‌కూలర్ దగ్గర ఏమీ లేదు. అక్కణ్ణుంచి ఇంజన్‌కి వెళ్ళే లావు రబ్బరు పైపు పైభాగం మీద కూడా ఏమీ లేదు. మేస్త్రీ కుర్రాడి చేతిలో సీసా తీసుకుని, చెయ్యి కిందికి పోనిచ్చి, పైపు పొట్ట కింద కొట్టాడు.

సన్నగా ఈల వినిపించింది. తర్వాత నురగ. పైపు కిందినుంచి బుడగలు గుత్తులు గుత్తులుగా ఉబ్బి జారి నేల మీద పడుతున్నాయి.

చిన్న అద్దం ముక్క పెట్టి చూపించాడు. క్లిప్పుకి అంగుళం దూరంలో రబ్బరు అడ్డంగా చీలింది. బొటనవేలు పొడవు. గాలి తీసేయగానే ఆ చీలిక పెదాలు మూసుకున్నట్టు మూసుకుపోయింది. చూస్తే గీతలా కూడా కనిపించదు. అందుకే మెల్లిగా నడిపితే ఏమీ తెలియదు. యాక్సిలరేటర్ తొక్కితే టర్బో నెట్టిన గాలి ఆ చీలికని తెరుచుకుని బయటికి పోతుంది. ఆ పోయే గాలే అమ్మ విన్న ఈల.

పొగ సంగతి కూడా ఆయనే విడమరిచి చెప్పాడు. గాలి ఎంత వస్తోందో కొలిచే సెన్సరు టర్బోకి ముందే ఉంటుంది. అది లెక్కపెట్టినంత గాలీ ఇంజన్‌కి చేరుతుందనుకుని కంప్యూటరు దానికి తగ్గ డీజిల్ కొడుతుంది. గాలి దారిలో పోయింది, డీజిల్ మాత్రం పూర్తిగా వచ్చింది. గాలి చాలక సగం కాలిన డీజిలే ఆ నల్లపొగ. దహనానికి ఆక్సిజన్ చాలకపోతే మసి వస్తుందని నేను ఎన్నో బ్యాచీల పిల్లలకి కిరసనాయిలు దీపం వెలిగించి చూపించాను. అదే సంగతి ఇనుపరేకుల కింద, ఇంకొకరి నోట వింటుంటే ఒళ్ళు జలదరించింది.

అప్పుడు బాబాయి జేబులోంచి కాగితాలు తీసి ఆయన ముందు పెట్టాడు. మేస్త్రీ ఎస్టిమేటు చదవలేదు. కోడ్ కాగితం మాత్రం చూశాడు. "కోడ్ కరెక్టే. గాలి తక్కువైందని చెప్పింది. ఇంట్లో డబ్బు తగ్గిందని చెప్పింది, అంతే. ఎవరు తీశారో అది చెప్పదు, మనమే వెతుక్కోవాలి" అన్నాడు.

కొత్త పైపు కోసం కుర్రాణ్ణి స్పేర్ పార్టుల షాపుకి పంపించాడు. పైపు 1,850. క్లిప్పులు రెండు 180. బిగించినందుకు 700, ఇంజెక్టర్లు చూసినందుకు 400, చెక్ చేసినందుకు 500. ఆల్టర్నేటరు బెల్టు పగుళ్ళు వచ్చిందని మడిచి చూపించి, అది దారిలో తెగితే బ్యాటరీ పడుకుంటుందని అదీ మార్చాడు, 650. మొత్తం 4,280. పాత పైపు, పాత బెల్టు కవర్లో పెట్టి చేతికిచ్చాడు. నేను అడగలేదు. ఆయన పద్ధతి అది.

ఐదు వందలు ఎక్కువ ఇవ్వబోతే తీసుకోలేదు.

శుక్రవారం అమ్మ మిషను మీద ఉండగా ఆ పైపు తీసుకుని సర్వీసు సెంటరుకి వెళ్ళాను. పోట్లాడదామనే వెళ్ళాను. అడ్వైజరు పైపుని చేతిలోకి తీసుకుని వంచి చీలిక చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "రోజుకి ఇరవై బండ్లు సార్. కోడ్ వస్తే దానికి తగ్గ పార్టు రాయడమే. విప్పి వెతకడానికి టైమివ్వరు" అన్నాడు. ఆ మాటలో బొంకు ఉందనిపించలేదు. నా కోపం ఆ అబ్బాయి మీద నిలవలేదు. అయినా ఇది తప్పు. ఎవరి గొలుసో బీరువాలోంచి బయటికి వచ్చేంత అంకె వేసేముందు బండి యజమానిని నాలుగు ప్రశ్నలు అడగడానికి పది నిమిషాలు చాలు. శబ్దం వస్తోందా అని అక్కడ నన్నెవరూ అడగలేదు. ఆ కుర్రాడికి అడగడం నేర్పించాల్సినవాళ్ళు నేర్పించలేదు. 1,33,706 కట్టి ఉంటే ఏమయ్యేదో కూడా మేస్త్రీని అడిగాను. టర్బో మార్చేటప్పుడు ఈ పైపు ఎలాగూ విప్పుతారు, చీలిక కనపడితే అదీ మారుస్తారు, బండి బాగవుతుంది, టర్బో వల్లే బాగైందని మీరు జీవితాంతం అనుకుంటారు అన్నాడు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ మాటే.

రెండో మాట ఎప్పుడూ మొదటిదాన్ని కొట్టేయడానికే అని నేను అనను. 2023 మే నెలలో గుంటూరులో మా బావమరిది పెట్రోలు కారు వేడెక్కి ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ ఎత్తాలి, 41,000 అన్నాడు అక్కడి మెకానిక్కు. "బావా, నీ మేస్త్రీకి చూపిద్దాం" అని వ్యాను మీద ఎక్కించి మరీ తెచ్చాడు. నేనూ వెళ్ళాను. మేస్త్రీ అలాగే ప్రశ్నలడిగాడు. ఇంజన్ చల్లారి ఉందో లేదో చెయ్యి పెట్టి చూసి, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయించాడు. నీళ్ళలోంచి బుడగలు ఆగకుండా వస్తున్నాయి. ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూపించాడు. పాలెక్కువైన కాఫీ రంగులో జిడ్డు పేరుకుని ఉంది. నీళ్ళు ఆయిల్‌లో కలిశాయి. "వాళ్ళు చెప్పింది నిజమే. ధర కూడా అన్యాయం కాదు. హెడ్ లేత్‌కి పంపించి చదును చేయించమనండి, ఆ బిల్లు విడిగా చూపించమనండి. అక్కడే చేయించుకోండి, ఇంకా తిప్పొద్దు" అని మూడు వందలు తీసుకుని పంపించేశాడు. చేతిలోకి వచ్చిన పనిని ఆయన వదులుకున్నాడు. బావమరిది వ్యాను ఖర్చు గురించి దారిపొడుగునా గొణిగాడు గానీ, 41,000 కట్టేటప్పుడు అతని చెయ్యి వణకలేదు.

ఆటోనగర్ వెళ్ళిన ఆ మంగళవారం రాత్రికే కారు ఇంటికి చేరింది. బుధవారం, నవంబరు 30, చీకటితోనే బయల్దేరాం. మా ఆవిడ ముందు కూర్చుంది. మెడలో గొలుసు వేసుకుంది. పండగా కాదు, పబ్బమూ కాదు. నేనేమీ అడగలేదు. కంకిపాడు దగ్గర ఖాళీ ట్రాక్టరు ఒకటి అడ్డం వచ్చింది. ఒక్క క్షణం కాలు వెనకాడింది. థర్డ్ గేరు వేసి తొక్కాను. బండి ఊపుగా దూకి దాటేసింది. అద్దంలో చూశాను. వెనక ట్రాక్టరు దీపాలు రెండూ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

వెనకసీట్లో అమ్మ దుప్పటి సర్దుకుంటూ కళ్ళు తెరిచింది.

"ఇవాళ ఈల లేదేంరా?" అంది.